శ్రమను పొదుపు చేసిన గణితాచార్యుడు: కార్ల్ ఫ్రెడరిక్ గౌసు

విద్యార్థులారా! నేడు పల్లె పల్లెను మొబైల్ ఫోను కనబడుచున్నది. దూరదేశమున నున్న కుమారుడు మాటలాడినంతనే ఇచ్చట తల్లి చెవిని ఆ మాట పడుచున్నది. అయినను ఆ చిన్న యంత్రములో జరుగు పని యెట్టిదో మనము తలంచుట అరుదు. ఆకాశమార్గమున దానికి చేరునది ఒక్క తరంగము కాదు. వేయికి మించిన సన్నని తరంగములు ఒకదానిలో నొకటి కలిసి, చిక్కుపడిన నూలువలె వచ్చును. గ్రాహకయంత్రము ఆ చిక్కును విప్పి, ఏ పోగున ఏ యంకె వచ్చినదో వేఱుపఱచవలెను. ఇంతలో రెండవ చిక్కు వచ్చి పైని బడును. మొదటిది విప్పుట ముగియక మునుపే రెండవది వచ్చెనేని మాట తెగిపోవును. కావున ఆ యంత్రమునకు ఎల్లప్పుడు రెండు చింతలు గలవు. ఒకటి కాలము, రెండవది చోటు. లెక్క త్వరగా ముగియవలెను. లెక్క వేసికొను పలక చిన్నదిగా నుండవలెను.

ఈ రెండు చింతలను తీర్చు ఉపాయములలో ముఖ్యమైన దానిని కనుగొన్నవాడు మన కాలపువాడు కాడు. తంతి వార్తలు గాని, విద్యుద్దీపములు గాని లేని దినములలో, 1805వ సంవత్సర ప్రాంతమున, ఈకకలముతో కాగితముపై లెక్కలు వేసికొనుచుండిన జర్మను పండితుడొకడు దానిని కనుగొనెను. ఆయనయే కార్ల్ ఫ్రెడరిక్ గౌసు. గణితశాస్త్రజ్ఞులలో రాజని పేరు వడసిన ఈ మహనీయుని చరిత్ర మీకు ఉపయోగకరమని తలంచి ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

గౌసు 1777వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీని జర్మనీలోని బ్రన్స్విక్ పట్టణమున ఒక పేదయింట జన్మించెను. తండ్రి గెబ్‌హార్డు తోటపని, తాపీపని మొదలైన వానిలో ఏది దొరకిన నది చేసి కుటుంబమును పోషించుచుండెను. తల్లి డొరోథియా చదువు నేర్వని స్త్రీ. కాని మంచి తెలివిగలది. కుమారుడు పుట్టిన తేదీని ఆమె వ్రాసియుంచలేదు. ఆరోహణ పండుగకు ఎనిమిది దినములు ముందు, బుధవారమునాడు బిడ్డ కలిగెనని మాత్రము జ్ఞాపకముంచుకొనెను. ఆరోహణ పండుగ పునరుత్థాన పండుగనుబట్టి వచ్చును. పునరుత్థాన పండుగయో చంద్రునిబట్టి ఏటేట మాఱుచుండును. గౌసు పెద్దవాడై, ఏ సంవత్సరమున ఆ పండుగ ఏ తేదీని వచ్చునో కనుగొను సూత్రము నొకదానిని 1800లో ప్రకటించెను. ఆ సూత్రమునకు పెద్ద పట్టికలు అక్కఱలేదు. కొన్ని భాగహారములు చేసి శేషములను గైకొనిన చాలును. 1777లో పునరుత్థాన పండుగ మార్చి 30న, ఆరోహణ పండుగ మే 8న వచ్చినవి. ఎనిమిది దినములు వెనుకకు లెక్కించిన ఏప్రిల్ 30 బుధవారమగును. ఇట్లు తల్లి మఱచిన తేదీ కుమారుని లెక్కచే దొరకెను.

బాల్యముననే ఈతనికి లెక్కలయందు గల నేర్పు ఆశ్చర్యకరముగా నుండెను. మూడేండ్ల వయస్సున తండ్రి కూలివారికి జీతములు లెక్కించుచు పొరపడగా, ఈ బాలుడు ఆ తప్పును చూపెనని చెప్పుదురు. ఏడవయేట బడిలో చేర్చబడెను. ఉపాధ్యాయుని పేరు బ్యూట్నరు. దాదాపు నూఱుగురు బాలురతో నిండిన గదిలో ఆయన ఒకనాడు దీర్ఘమైన సంకలనము నొకదానిని ఇచ్చెను. ఒకటి మొదలు నూఱు వఱకు గల అంకెలన్నిటిని కూడవలెననుటయే ఆ లెక్కయని పరంపరగా చెప్పుచున్నారు. తక్కిన బాలురు ఒకటియు రెండును మూడు, మూడును మూడును ఆఱు అని కూడుచుండగా, గౌసు తన పలకపై ఒక్క సంఖ్యను వ్రాసి బల్లమీద నుంచి చేతులు ముడుచుకొని కూర్చుండెను. ఆ సంఖ్య 5050.

బాలుడు చేసిన దేమి? ఒకటియు నూఱును కలిసి 101. రెండును తొంబదితొమ్మిదియు కలిసి 101. ఇట్టి జతలు ఏబది గలవు. కావున నూటయొకటిని ఏబదిచే హెచ్చించిన చాలును. తొంబదితొమ్మిది కూడికలకు బదులు ఒక్క హెచ్చవేత. బాలుడు ఇతరులకంటె వేగముగా కూడినాడని తలంపరాదు. ఒకే పనిని మాటిమాటికి చేయుట అనవసరమని గుర్తించెను. ఈ సంగతిని మీరు మనసున నుంచుకొనుడు. గౌసు జీవితమంతయు ఈ ఒక్క తలంపు వేర్వేఱు రూపముల కనబడును.

బ్యూట్నరు కఠినుడేయైనను న్యాయము తెలిసినవాడు. ఈ పిల్లవానికి తాను నేర్పదగిన దేమియు మిగులలేదని గ్రహించి, హాంబర్గు నుండి మంచి గణితగ్రంథమును తెప్పించి యిచ్చెను. ఆ బడిలో బార్టెల్సు అను యువకుడు సహాయోపాధ్యాయుడుగా నుండెను. అతడు గౌసుకంటె ఎనిమిదేండ్లు మాత్రమే పెద్ద. ఇరువురును కలిసి చదువుకొనిరి. సాయంకాలమున నార వడుకు పనినుండి కుమారుని విడిపించుటకు తండ్రి మొదట అంగీకరింపలేదనియు, ఉపాధ్యాయుడు నచ్చజెప్పగా నొప్పుకొనెననియు చెప్పుదురు. తరువాత ఈ బాలుని సంగతి బ్రన్స్విక్ ప్రభువగు కార్ల్ విల్హెల్ము ఫెర్డినాండు చెవిని బడెను. 1791లో పదునాలుగేండ్ల గౌసు ప్రభువు నెదుటికి కొనిపోబడెను. ప్రభువు సంతోషించి వేతన మేర్పఱచెను. దానితో గౌసు 1792 నుండి 1795 వఱకు బ్రన్స్విక్ కళాశాలలోను, 1795 నుండి 1798 వఱకు గాటింజెన్ విశ్వవిద్యాలయములోను చదివెను.

భాషలను అభ్యసింపవలెనా, గణితమును అభ్యసింపవలెనా యని ఆయన కొంతకాలము సందేహించెను. 1796 మార్చి 30వ తేదీని ఆ సందేహము తీఱెను. గీతలు గీయు బద్దతోను వృత్తలేఖినితోను మాత్రమే పదునేడు భుజములుగల సమభుజ క్షేత్రమును గీయవచ్చునని ఆనాడు కనుగొనెను. గ్రీకు పండితుల తరువాత రెండువేల యేండ్లుగా ఎవ్వరికిని తోచని విషయమది. ఆనాటి నుండి తన కల్పనలను ఒక చిన్న పుస్తకమున లాటిను భాషలో ఒకటి రెండు పంక్తులుగా వ్రాసికొనసాగెను. ఆ పుస్తకమును ఆయన ఎవ్వరికిని చూపలేదు. 1799లో డాక్టరు పట్టము పొందెను. 1801లో సంఖ్యాశాస్త్రమును గూర్చిన ఆయన మహాగ్రంథము వెలువడెను.

ఆ 1801వ సంవత్సరమే గౌసు పేరు ఐరోపా ఖండమంతట మ్రోగుటకు కారణమయ్యెను. ఆ జనవరి 1వ తేదీ రాత్రి సిసిలీ ద్వీపములోని పలెర్మో నగరమున పియాజ్జి అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు సీరెస్ అను క్రొత్త చిన్న గ్రహమును చూచెను. ఫిబ్రవరి 11 వఱకు మాత్రమే దానిని గమనింపగలిగెను. పిమ్మట అది సూర్యకాంతిలో మఱుగుపడెను. మఱల ఎచ్చట కనబడునో ఎవ్వరికిని తెలియదు. గౌసు ఆ కొద్ది గణనములను తీసికొని, గ్రహము తిరుగు మార్గమును లెక్కించి, ఇచ్చట వెదకుడని తెలిపెను. 1801 డిసెంబరు 31వ తేదీ రాత్రి సాక్ అను జ్యోతిష్కుడు దూరదర్శినితో చూడగా, గౌసు చెప్పిన చోటికి సమీపమున సీరెస్ కనబడెను. మఱునాటి రాత్రి ఓల్బర్సు అను వైద్యుడును దానిని చూచెను.

1802 మార్చి 28వ తేదీని ఓల్బర్సు పల్లాస్ అను మఱియొక చిన్న గ్రహమును కనుగొనెను. దాని మార్గమును నిర్ణయించుటలోనే, మనకు ముఖ్యమైన కల్పన పుట్టెను. ఆకాశ వృత్తమును 30 డిగ్రీల చొప్పున 12 భాగములు చేసి, ఒక్కొక్క చోట ఆ గ్రహము ఉత్తరముగా గాని దక్షిణముగా గాని ఎంత తొలగియుండునో తెలుపు 12 సంఖ్యలు గౌసునొద్ద నుండెను. ఆ సంఖ్యలు ఒక అలవలె లేచుచు పడుచు నుండును. ఆ అల కొన్ని సరళమైన అలల కలయికయేయని భావించి, ఏ అల ఎంత పాలు గలదో కనుగొనవలెను. ఇదియే మొదట చెప్పిన నూలుచిక్కును విప్పు పని. మామూలు పద్ధతిని ప్రతి ఫలమునకును 12 సంఖ్యలను 12 గుణకములచే హెచ్చించి కూడవలెను. ఫలములు 12 గనుక 144 హెచ్చవేతలు.

గౌసు ఇట్లు చేయలేదు. పండ్రెండు సంఖ్యలను మూడేసి స్థానముల కొకటి చొప్పున ఏఱి, నాలుగు సంఖ్యలుగల మూడు గుంపులుగా చేసెను. ఒక్కొక్క గుంపును వేఱుగా విప్పెను. నాలుగు నాలుగులు 16. మూడు గుంపులకు 48. పిమ్మట ఆ ఫలములను మూడేసిగా చేర్చి పండ్రెండు తుదిఫలములను పొందెను, దానికి 36. మొత్తము 84. నూటనలుబదినాలుగు ఎనుబదినాలుగుగా తగ్గెను. గుంపులోని సంఖ్యలను మఱల చిన్న గుంపులుగా విడదీయుటకు వీలున్నచో అట్లే విడదీయవచ్చుననియు ఆయన గమనించెను. సంఖ్యలు ఎన్ని యెక్కువైన అంత యెక్కువ లాభము కలుగును.

దీని మర్మము కఠినమైనది కాదు. మీలో చిన్న తరగతివారికి గూడ తెలియునట్లు చెప్పెదను. పదునేడును ఇరువదిమూడుచే హెచ్చించి, మఱల పదునేడును డెబ్బదియేడుచే హెచ్చించి రెంటిని కూడుమనిన, తెలివిగల బాలుడు రెండు హెచ్చవేతలు చేయడు. ఇరువదిమూడును డెబ్బదియేడును కలిపి నూఱు చేసి, పదునేడు నూఱులు 1700 అని చెప్పును. పెద్ద లెక్కలో ఒకే గుణకము అనేక స్థలములందు మఱల మఱల వచ్చుచుండును. అట్టివానిని ముందుగా చేర్చుకొనిన, చేసిన పనిని మఱల చేయు నవసరము తప్పును. బడిలో ఒకటియు నూఱును జతపఱచిన బాలుడే ఇచ్చట పల్లాస్ గ్రహపు సంఖ్యలను గుంపులు చేసినవాడు.

ఈ పద్ధతిని గౌసు లాటిను భాషలో చక్కగా వ్రాసెను. యంత్రమువలె చేయవలసిన లెక్కల విసుగును ఇది ఎంతో తగ్గించునని అందు తెలిపెను. ఫ్రాన్సు దేశీయుడగు ఫూరియే అలలను గూర్చిన తన మొదటి వ్యాసమును 1807లో సమర్పించెను. గౌసు వ్రాత అంతకు ముందటిదే. అయినను దానిని ఆయన అచ్చువేయింపలేదు. కాగితములను మడిచి పెట్టెలో నుంచెను. ఆయన ముద్రికపై కొద్దిపాటి పండ్లుగల చెట్టు చెక్కబడియుండెను. పండ్లు కొద్దియైనను పండినవై యుండవలెనని దాని భావము. ఏ చిన్న లోపమును లేనిదిగా తీర్చిన పిమ్మటగాని ఏ గ్రంథమును బయటికి పంపడు. అందుచే ఆయన గ్రంథములు నిర్దుష్టములయ్యెను. కాని అనేక సత్యములు చీకటిలో మిగిలెను.

ఆ సంవత్సరములలోనే సుఖదుఃఖములు రెండును ఆయనను వరుసగా చేరెను. 1805 అక్టోబరులో జొహన్నా అను సుగుణవతిని వివాహమాడెను. 1806లో నెపోలియను సైన్యముతో జరిగిన యుద్ధమున బ్రన్స్విక్ ప్రభువు గాయపడి నవంబరులో మరణించెను. పోషకుడు పోవుటచే గౌసు 1807లో గాటింజెన్ నగర నక్షత్రశాలకు అధిపతిగా వెళ్లి, జీవితాంతము అచ్చటనే యుండెను. 1809 అక్టోబరులో జొహన్నా ప్రసవానంతరము చనిపోయెను. కొన్ని మాసములకు ఆ శిశువును పోయెను. 1810లో మిన్నా అను కన్యను పెండ్లాడెను. 1817 నుండి వృద్ధురాలగు తల్లిని తన యింటనే యుంచుకొని, తొంబదియేండ్లు దాటి 1839లో ఆమె కన్నుమూయువఱకు పోషించెను. చదువురాని ఆ తల్లి తన కుమారుని కీర్తిని చూచియే పోయెను.

1818 మొదలుకొని హానోవరు రాజ్యమును కొలుచు పని గౌసునకు అప్పగింపబడెను. గుట్టలమీదను గోపురములమీదను నిలిచి కోణములను కొలువవలెను. 1821లో సూర్యకిరణమును అద్దముచే బహుదూరము పంపు సాధనమును కల్పించి, ఆ వెలుగును గుఱిగా చేసికొనెను. ఎంత జాగ్రత్తగా కొలిచినను ప్రతి కొలతలోను చిన్న తప్పు ఉండును. అనేకములైన కొలతలనుండి నిజమునకు మిక్కిలి సమీపమైన విలువను తీయు పద్ధతిని గూర్చి ఆయన 1823లో అచ్చయిన గ్రంథమున వ్రాసెను. అందు మనకు కావలసిన రెండవ ఉపాయము గలదు. లెక్క ముగించిన పిమ్మట క్రొత్త కొలత ఒకటి వచ్చినచో, పాత కొలతలన్నిటిని మఱల ముందు పెట్టుకొని మొదటినుండి లెక్క వేయనక్కఱలేదనియు, పాత ఫలమును కొంచెము సవరించిన చాలుననియు ఆయన చూపెను.

దీనికిని చిన్న ఉదాహరణము చాలును. తొమ్మిదిమంది బాలుర మార్కుల సరాసరి 40 అనుకొనుడు. పదియవ బాలునికి 50 మార్కులు వచ్చినవి. తొమ్మిదిమంది మార్కులను మఱల కూడవలెనా? అక్కఱలేదు. క్రొత్త మార్కు పాత సరాసరికంటె 10 ఎక్కువ. ఆ పదిలో పదియవ వంతు ఒకటి. కావున క్రొత్త సరాసరి 41. తొమ్మిది మార్కులు వ్రాసిన కాగితము పోయినను నష్టములేదు. పాత సరాసరియు, ఎంతమందియను లెక్కయు జ్ఞాపకమున్న చాలును. మొదటి ఉపాయము కాలమును పొదుపు చేసెను. ఈ రెండవది చోటును గూడ పొదుపు చేసెను.

ఇట్టి గౌసు స్వయముగా ఒక వార్తాయంత్రమును నిర్మించెనన్న ఆశ్చర్యము కలుగకమానదు. 1831లో విల్హెల్ము వెబరు అను యువ భౌతికశాస్త్రజ్ఞుడు గాటింజెనుకు ఆచార్యుడుగా వచ్చెను. వయస్సున ఇరువదియేడేండ్లు చిన్నవాడైనను గౌసునకు ప్రాణమిత్రుడయ్యెను. 1833లో వీరిరువురును నక్షత్రశాల నుండి వెబరు శాస్త్రశాల వఱకు ఇండ్ల కప్పులమీదుగా సుమారు ఒక కిలోమీటరు దూరము రెండు తంతులు వేసిరి. ఒకవైపు విద్యుత్తు పంపగా, రెండవవైపు వ్రేలాడగట్టిన అయస్కాంతపు కడ్డీ కొంచెము కుడికి గాని ఎడమకు గాని కదలును. కడ్డీకి చిన్న అద్దము గలదు. దానిలో ప్రతిబింబించు కొలబద్దను దూరదర్శినితో చూచి కదలికను చదువుదురు. కుడి, ఎడమ అను రెండే సంజ్ఞలు. కొన్ని అక్షరములకు ఒక్క కదలికయే. తక్కినవానికి రెండు, మూడు, నాలుగు కదలికలు. నేటి యంత్రములు సున్నయు ఒకటియు అను రెండు అంకెలతో సమస్తమును పంపుచున్నవి గదా! ఆ రీతి ఇచ్చట అప్పుడే కనబడుచున్నది.

ఆ యంత్రమునందును కాలపు చింత తప్పలేదు. విద్యుత్తు తంతిలో కన్నుమూసి తెఱచునంతలో పరుగెత్తును. కాని బరువైన కడ్డీ ఊగి, నిలిచి, తిరిగి సిద్ధమగువఱకు రెండవ సంజ్ఞ పంపిన ప్రయోజనములేదు. అనగా ఆలస్యము దారిలో లేదు, అందుకొనువానియొద్ద నున్నది. ఈ మాట నేటికిని నిజము. తరంగము వెలుగంత వేగముతో వచ్చి చేరును. తరువాత దానిని విప్పి చదువుటలో గ్రాహకయంత్రము ఎంత జాగుచేయునో అంతయు మనము వేచియుండవలెను. గౌసును వెబరును ఈ పనిని తమలోనే దాచుకొనక, మ్యూనికు నగరమున ష్టైన్‌హైలు అను పండితునికి తెలుపగా, అతడు దానిని ముందునకు సాగించెను. 1837లో రాజు రాజ్యాంగమును రద్దు చేసినందుకు ఎదురు చెప్పిన ఏడుగురు ఆచార్యులలో వెబరు ఒకడగుటచే ఉద్యోగము పోగొట్టుకొనెను. 1845లో పిడుగుపాటుచే ఆ తంతియు చెడెను.

దాచుటవలన కలుగు నష్టమును తెలుపు మఱియొక సంగతి గలదు. గాటింజెన్ విశ్వవిద్యాలయమున చదువునాటి గౌసు మిత్రుడు ఫర్కష్ బోల్యాయి కుమారుడు యానోష్. ఈ యువకుడు యూక్లిడు చెప్పిన సమాంతర రేఖల సూత్రమును విడిచి క్రొత్త క్షేత్రగణితమును కల్పించి, 1832లో తండ్రి గ్రంథమునకు అనుబంధముగా ప్రకటించెను. తండ్రి దానిని గౌసునకు పంపగా, ఈ తలంపులు తనకు అనేక సంవత్సరముల క్రిందటనే కలిగినవనియు, దీనిని పొగడినచో తన్ను తానే పొగడుకొనినట్లగుననియు గౌసు జవాబు వ్రాసెను. ఆ మాట నిజమే. కాని ఆ యువకుని మనస్సు విఱిగిపోయెను. అటుపిమ్మట అతడు గణితమున మఱి యేమియు ప్రకటింపలేదు. పెద్దవాడు పెట్టెలో దాచిన సత్యము చిన్నవానికి ఇట్లు గాయమయ్యెను.

1855 ఫిబ్రవరి 23వ తేదీని గౌసు గాటింజెనులో నిద్రలోనే పరలోకగతుడయ్యెను. ఆయనకు 77 ఏండ్లు. హానోవరు రాజు ఆయన జ్ఞాపకార్థము పతకము వేయించెను. గాటింజెన్ విద్వత్సంఘమువారు ఆయన వ్రాతలను సంపుటములుగా అచ్చువేయింపసాగిరి. 1866 నాటి మూడవ సంపుటమున, గుంపులు చేసి అలలను విప్పు ఆ లాటిను వ్యాసము మొదటిసారి వెలుగు చూచెను. కాని దాని భాష లాటిను, గుఱుతులు పాతవి, శీర్షికలో అలల మాటయే లేదు. చదివినవారు అరుదు, విలువ నెఱిగినవారు మఱియు అరుదు.

ఇట్లుండగా లోకమున ఆ లెక్కయొక్క అవసరము ఏటేట పెరుగసాగెను. సముద్రపు పోటుపాట్లను లెక్కించువారును, శబ్దమును పరిశోధించువారును, స్ఫటికములను ఎక్స్‌కిరణములచే చూచువారును దీర్ఘమైన హెచ్చవేతలతో దినములు గడపిరి. 1942లో డేనియల్సన్, లాంచోష్ అను ఇరువురు ఈ యుపాయమును కొంతవఱకు మఱల కనుగొనిరి. కాని అదియు వ్యాపింపలేదు. తుదకు 1965లో అమెరికాలో కూలీ, ట్యూకీ అను విద్వాంసులు దీనిని ప్రకటించిరి. భూమి కదలికలను కొలిచి, ఎచ్చట అణ్వాయుధ పరీక్ష జరిగినదో తెలిసికొనవలెనను అవసరము వారి పనికి ఒక ప్రేరణ. గౌసు వ్రాతను వారెఱుగరు. వారి వ్యాసము వెలువడిన పిమ్మట ఈ పద్ధతి యంత్రములన్నిటిలో ప్రవేశించెను. 1984లో ముగ్గురు అమెరికను పరిశోధకులు గౌసు వ్యాసమును పరిశీలించి, ఆయన పద్ధతియు ఇదియు ఒకటేయని వివరముగా చూపిరి. 1805 నుండి 1965 వఱకు నూటయఱువది యేండ్లు గడచెను.

ఇప్పుడు ఆదిలో చెప్పిన చిన్న యంత్రమును మఱల చూతము. నాలుగవ తరము మొబైల్ పద్ధతిలో విశాలమైన మార్గమున, సాధారణముగా ఒక్కొక్క చిక్కును గ్రాహకయంత్రము 2048 చోట్ల కొలుచును. మామూలు పద్ధతిని విప్పినచో 2048ని 2048చే హెచ్చించినన్ని, అనగా 41,94,304 హెచ్చవేతలు కావలెను. ఇంతయు చేయుటకు గడువో, సెకండులో సుమారు పదునైదువేలవ వంతు. ఆ గడువు దాటినచో మఱియొక చిక్కు సిద్ధముగా నుండును. గౌసు పద్ధతిని 2048ని సగము సగముగా పదునొకండు మాఱులు విభజింపవచ్చును. ఒక్కొక్క మెట్టున 1024 చొప్పున 11,264 హెచ్చవేతలు చాలును. సుమారు 370 వంతులలో ఒక వంతు శ్రమ!

చోటు సంగతియు చూడుడు. ప్రతి మెట్టున రెండేసి సంఖ్యలను తీసికొనిన రెండు క్రొత్త సంఖ్యలు వచ్చును. పాతవానితో ఇక పనిలేదు. పలకపై ఆ రెండు అంకెలను తుడిచి, ఆ చోటనే క్రొత్తవానిని వ్రాసినట్లు, యంత్రము తన జ్ఞాపకస్థానములలో వాని తావుననే క్రొత్తవానిని ఉంచవచ్చును. రెండవ పలక అక్కఱలేదు. ఇట్లు చేయుటవలన ఫలములు వరుస తప్పి నిలుచును. వానిని మఱల వరుసపెట్టుటకు కాలము వ్యర్థము చేయక, తరువాతి పని ఆ తాఱుమాఱు వరుసలోనే వానిని గైకొనునట్లు యంత్రకారులు ఏర్పాటు చేయుదురు. మఱియు దారిలో గోడలు, కొండలు తగిలి తరంగము ఎంత మాఱినదో అంచనా వేయుటలో, పాత కొలతలన్నిటిని దాచక, క్రొత్త కొలత వచ్చిన కొలది పాత ఫలమును సవరించు పద్ధతిని అనేక గ్రాహకములలో వాడుచున్నారు. ఇది గౌసు 1823లో చూపిన మార్గమే; ఇరువదవ శతాబ్దివారు దీనిని గూడ తిరిగి కనుగొనవలసివచ్చెను. లెక్క తగ్గినకొలది విద్యుత్తు ఖర్చును తగ్గును. నేటి గ్రాహకమునకు గౌసుతోపాటు వందలకొలది పండితులు తోడ్పడిరి. కాని ఆ రెండు మూలస్తంభములు ఆయన నిలిపినవే.

విద్యార్థులారా! ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి రెండు గలవు. మొదటిది ఆయన గుణము. ఒక పనిని ఆరంభించుటకు ముందు, ఇందు ఏది రెండుసార్లు చేయుచున్నాను, ఏది దాచనక్కఱలేకయే దాచుచున్నానని తన్ను తాను అడుగుకొనెడివాడు. పేదయింట పుట్టిన బాలునికి పుస్తకములు లేవు, కాగితములు కొద్ది, దీపపు నూనెయు కొద్ది. కొద్దిపాటి సాధనములతో పెద్ద పనిని సాధించుట అట్టివారికే చక్కగా తెలియును. మన పాఠశాలలో పేదరికమునకు సిగ్గుపడు బాలుడెవడైన నున్నచో ఈ మాట జ్ఞాపకముంచుకొనుగాక.

రెండవది ఆయన లోపము. లోకమున గ్రాహకయంత్రముల ఆలస్యమును తగ్గించిన వాని కల్పనయే లోకమునకు చేరుటకు నూటయఱువది యేండ్లు ఆలస్యమయ్యెను. ఆ ఆలస్యము లెక్కలో పుట్టినది కాదు, పెట్టెలో పుట్టినది. నేను ఉపాధ్యాయుడుగా ఇన్నేండ్లు చూచితిని. చక్కని సమాధానము తెలిసియు, ఇంకను చక్కగా చెప్పవలెనని తలంచి చేయి యెత్తక కూర్చుండు విద్యార్థి ప్రతి తరగతిలో నొకడుండును. గంట మ్రోగును, తరగతి ముగియును, ప్రక్కవాడు తెలియకయే ఇంటికి పోవును. మీకు తెలిసినదానిని పండినంతవఱకు పండనిండు. కాని పండిన పిమ్మట పెట్టెలో నుంచకుడు. ప్రక్కవానికి చూపుడు.